ఆ ఒక్క ‘లే’

అక్కా, మా బంగారు అక్కా,

కేసు గెలిచాం. ఈ ముక్క చదివి బావకి కేకేసి చెప్పకు, ముందు చివరిదాకా చదువు. గెలిచినదాన్నే గాని పొద్దున్నించి చేతులు వణుకుతున్నాయి. ఇస్త్రీపెట్టె పట్టుకుంటే ఎవరి చొక్కాకి కన్నం పెడతానో అని మా ఆయన నన్ను గల్లా ముందు కూర్చోబెట్టాడు. అక్కడ కూచునే ఫోన్లో టకటకా కొట్టేస్తున్నా. తప్పులుంటే నువ్వే దిద్దుకో, చిన్నప్పుడు నా పలక దిద్దినట్టు.

నీకెప్పుడూ ముక్కలు ముక్కలుగానే చెప్పాను. ఇప్పుడు వరసగా చెప్తా. మా లాండ్రీకీ పక్కనున్న పిండిమరకీ మధ్య ఒకటే గోడ. గోడకి అటు పిండి అన్నయ్య మర ఆడిస్తాడు, ఇటు నేను ఉతుకుతా. ఆ మర దుమ్ము బయటికి పోయే గొట్టం మా పెరట్లోకే తిరిగి ఉంది, సరిగ్గా డ్రయ్యరులో పట్టని బట్టలు నేనారేసే తీగల మీదికి. తడిబట్ట మీద పిండి పడితే ఏమవుతుంది? గంజవుతుంది. అడక్కుండా గంజి పెట్టే లాండ్రీ లోకంలో మాదొక్కటే అని మా ఆయన జోకు. నవ్వుకున్నన్నాళ్ళు నవ్వుకున్నాం. ఆసుపత్రివాళ్ళు ముదురునీలం బట్టల మూటలు పంపడం మానేశాక ఇక నవ్వు రాలేదు. కోర్టుకెక్కాను.

నేనడిగింది కొండంత. మర ఆపించాలి, పోయిన గిరాకీకి నష్టపరిహారం ఇప్పించాలి. జడ్జిగారు ఇప్పించింది గుడ్డసంచి. నవ్వకు, నిజం. గొట్టం మూతికి దళసరి గుడ్డసంచి బిగించాలి, దాన్ని వారం వారం ఉతికించాలి, మర మాత్రం నడుపుకోవచ్చు. అదీ తీర్పు. ఆసుపత్రి గిరాకీ దుమ్ము వల్లే పోయిందనడానికి రుజువు లేదట, అందుకని నష్టపరిహారం సున్నా. సరే, గెలుపు గెలుపే, లాయరు ఫీజూ కోర్టు ఫీజూ ఓడినాయన కడతాడు కదా అని మా ఆయన వైపు చూసి కనుబొమ్మలెగరేశా. అప్పుడు లేచాడక్కా అవతలి లాయరు.

“ఖర్చుల సంగతి ఒకటి మనవి చేసుకోవాలండి. ఈ గుడ్డసంచి మా క్లయింటు కేసు వెయ్యకముందే కట్టిస్తానన్నాడు. ఆవిడ కాదన్నారు. ఇన్నేళ్ళు కొట్లాడి ఆవిడ సంపాదించుకున్నది ఆ సంచే. ఆ రోజే ఒప్పుకునుంటే అసలు కేసే లేదు. కాబట్టి మా ఖర్చంతా ఆవిడే పెట్టుకోవాలి.”

జడ్జిగారు అద్దాలు తీసి నా వైపు చూశారు. చూసి, “ఖర్చుల మీద విడిగా వింటాను” అని వాయిదా వేశారు.

బయట వరండాలో మా లాయరు గారిని పట్టుకున్నా. “గెలిచింది మనం కదండీ, మనమెలా కడతాం?” అన్నా. ఆయన గొంతు తగ్గించి, “గెలిచినవాళ్ళకి ఖర్చులిప్పించడం మామూలేనమ్మా. కానీ మామూలు వేరు, తప్పనిసరి వేరు. ఎవరు ఎలా నడుచుకున్నారు, రాజీకి వచ్చినవాణ్ణి ఊరికే తిప్పి పంపారా, అడిగిందెంత, దక్కిందెంత, అన్నీ చూస్తారు. దక్కినదానికి తగ్గని బేరం ముందే వస్తే వదులుకున్నారని తేలిందనుకో, గెలిచినవాళ్ళ మీద కూడా పడొచ్చు” అన్నారు. వాళ్ళకి ఇద్దరు లాయర్లక్కా. పైగా దుమ్ము కొలవడానికి ఒక ఇంజనీరు, ఆయన యంత్రం, ఆయన కారు. అదంతా మా మీద పడితే డ్రయ్యరు పోతుంది, పెద్ద మిషను పోతుంది, కొట్టే పోతుంది.

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని అమ్మ అనేది గుర్తుందా? నేను ఇంటిదాకా కూడా ఆగలేదు, వరండాలోనే కళ్ళు తుడుచుకున్నా.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. ఆయన నిజంగానే అడిగాడా అని కదూ? అది ఇంకో ఉత్తరంలో చెప్తా. ఎవరో కోటు పట్టుకొచ్చారు.

నీ పిచిక

*

అక్కా, నా పెద్ద దిక్కా,

అడిగాడు. చెప్పేస్తున్నా, ఇక దాచుకుంటే కడుపుబ్బి చస్తా.

కేసుకి ముందు ఒక మధ్యాహ్నం. మర ఆపేసి మా కొట్లోకి వచ్చాడు పిండి అన్నయ్య. కనురెప్పల మీద కూడా పిండి, తాతయ్య వేషం కట్టినవాడిలా ఉన్నాడు. గల్లా మీద చెయ్యి పెట్టబోయి, మళ్ళీ మరకవుతుందని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అది కూడా గుర్తుంది నాకు. “చెల్లెమ్మా, గొట్టానికి గుడ్డసంచి కట్టిస్తా. దుమ్ము ఆగుతుందంట. మనకి మనకి గొడవలెందుకు?” అన్నాడు.

ఆ పూటే ఆసుపత్రి మనిషి నీలంబట్టల మూట గల్లా మీద కుమ్మరించి, “ఇవి ఉతికారా, పిండిలో దొర్లించారా?” అని వెళ్ళాడు. నా ఒళ్ళు మండిపోతోంది. కానీ మొహం మీద కాదనడం మన ఇంటావంటా లేదు కదా. నేను మూటలోంచి తల కూడా ఎత్తకుండా, “చూద్దాంలే అన్నయ్యా” అన్నాను.

“సరేలే” అని వెళ్ళిపోయాడు. నా ‘లే’కి తన ‘లే’ బదులిచ్చి పోయాడు. అంతే సంగతి. సాక్షులెవరూ లేరు, నేనూ ఆయనా, కూనిరాగం తీస్తున్న డ్రయ్యరూ.

నీకు విడమర్చి చెప్పాలా? మనం రిబ్బను అడిగితే అమ్మ “చూద్దాం” అంటే నువ్వు ఎగిరి గంతేసేదానివి. “చూద్దాంలే” అంటే మంచం మీద అటు తిరిగి పడుకునేదానివి. నేను ఆ రోజు అన్నది అమ్మ ‘చూద్దాంలే’నే. కాదు, పో, అని అర్థం. గుడ్డసంచితో సరిపెట్టుకోవడమేంటి, మర మూయించి చూపిస్తా అని మనసులో.

ఇదంతా మా లాయరు గారికి చెప్పా. ఆయన కుర్చీలో ముందుకొచ్చి, “ఏమన్నావు, మళ్ళీ అనమ్మా” అన్నారు. అన్నా. ఆయన మొహం వెలిగిపోయింది. “భలే! కాదనలేదుగా! చూద్దాం అన్నావు. అంటే ఆలోచిస్తానని. మళ్ళీ రావాల్సింది ఆయన, రాలేదు. తప్పు ఆయనది. నీ ఖర్చులు కూడా వాళ్ళే కట్టాలని అడుగుతా. అయితే ఒక్క మాట. జడ్జిగారు నిన్నే అడుగుతారు. అప్పుడు ఆ ‘లే’ తీసెయ్యి.”

“లే తీసెయ్యడమేంటండీ?”

“చూద్దాం అన్నానని చెప్పు, చాలు. ఒక్క అక్షరం. ఎవరు విన్నారు?”

ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, “అబద్ధమేముందే అందులో, మొత్తం మాటలో చిటికెడు తగ్గించడమేగా. ఆయన పిండిలో తవుడు కలపట్లేదా?” అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వు ఆగాక భయం మళ్ళీ వచ్చి పక్కన కూచుంది.

భయం ఎలా ఉందో చెప్తా విను. కొట్టు జప్తు చెయ్యడానికి కోర్టువాళ్ళొచ్చి తలుపుకి సీలు వేస్తే, లోపలున్న గిరాకీల బట్టలేమవుతాయి? ఎవరిదో ఉద్యోగం ఇంటర్వ్యూ చొక్కా, ఎవరిదో పిల్ల బడి గౌను. వాళ్ళొచ్చి తలుపు బాదుతుంటే నేనేం చెప్పాలి? ఇదే ఆలోచన, తిరగలిలా. తలుపు కాస్త గట్టిగా చప్పుడైతే సీలు వెయ్యడానికే వచ్చారనుకుంటున్నా. మధ్యాహ్నం పక్కన మర ఆగితే ఇంకా భయం. అది ఆడుతున్నంతసేపూ గోడ వణుకుతుంది కాబట్టి నా వణుకు నాకు తెలీదు. ఆగిందంటే, వణికేది నేనొక్కదాన్నే.

పిండి అన్నయ్య నాతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో. ఎదురుపడితే ఆయన ఆకాశం చూస్తాడు, నేను చెప్పులు చూసుకుంటా. ఆ ‘లే’ ఆయనకి గుర్తుందో లేదో. గుర్తుంటే, నేను దాన్ని మింగేస్తే, ఆయన అక్కడే లేచి నిలబడితే?

నీ జవాబు చదివా. ‘అన్నీ అమ్మేసి మా పైగదిలోకి వచ్చెయ్యండి, బావ గోడౌన్లో ఒక మనిషి కావాలి, అద్దె కూడా అక్కర్లేదు’ అన్నావు. నీ మనసు నాకు తెలీదా. చూద్దాం అక్కా.

నీ పిచిక

*

అక్కా,

రేపే. అన్నం సయించడం లేదు. మా ఆయన నా కంచంలోది కూడా తిని, “భయం నీకు, బరువు నాకు” అంటున్నాడు.

పొద్దున అద్దం ముందు నిలబడి అలవాటు చేసుకున్నా. “చూద్దాం అన్నానండి.” బాగానే వచ్చింది. ఇంకోసారి, “చూద్దాం అన్నానండి.” మూడోసారి నా నోరు నా మాట వినకుండా వెనక ‘లే’ తగిలించేసింది. పుట్టినప్పట్నించీ కలిసి తిరిగిన మాటలక్కా, విడదీస్తే మొహాలు వేలాడేస్తున్నాయి.

ఇందాక సోడా కొట్టు దగ్గర పిండి అన్నయ్య ఎదురయ్యాడు. తప్పించుకోవడానికి సందు లేదు. ఆయనే అన్నాడు, ఎటో చూస్తూ, “రేపు నన్ను కూడా అడుగుతారట.” నేను తలూపా. “ఏం చెప్పాలో మా లాయరు రాసిచ్చాడు. చదువుతుంటే నిద్రొస్తోంది” అన్నాడు. వెంటనే అమ్మో, మాట్లాడేశాననుకున్నాడో ఏమో, సోడా సగంలో వదిలేసి గబగబా వెళ్ళిపోయాడు. అలా వెళ్ళిపోయేవాడి నడుము ఎంత వంగిందో అప్పుడు చూశా. ఆయనకీ భయమేనేమో అనిపించింది. ఇద్దరు లాయర్లంటే ఇద్దరి ఫీజు మరి.

ఒకవేళ ఖర్చులు మా మీద పడితే, డ్రయ్యరు మాత్రం తెలిసినవాళ్ళకే అమ్ముతా. దానికి తలుపు కాస్త ఎత్తి మూస్తేనే పడుతుంది. తెలీనివాళ్ళు విరగ్గొడతారు.

పి.

*

నా అక్కకి, నేను చెప్పేది ఓపిగ్గా వింటుందనే ధైర్యంతో,

అయిపోయింది. కుదురుగా కూచుని రాస్తున్నా, ఇవాళ గిరాకీ కూడా పలచగా ఉంది.

గదిలో పంకా కిందే నన్ను నిలబెట్టారు. నిజమే చెప్తానని ప్రమాణం చేయించారు. జడ్జిగారు ఆడమనిషి, మన ఈడే ఉంటుంది. మెల్లగానే అడిగారు. “ఆయన సంచి కట్టిస్తానన్నప్పుడు మీరేమన్నారు?”

నేను నోరు తెరిచేలోపే అవతలి లాయరు, “కాదన్నారండి” అన్నాడు. మా లాయరు గారు, “కాదనలేదండి, చూద్దాం అన్నారు. అంటే ఆలోచిస్తానని” అన్నారు. అవతలాయన, “మన భాషలో చూద్దాం అంటే కాదనేనండి, అందరికీ తెలుసు” అన్నాడు. “నిఘంటువులో లేదండి అలాగ” అని మా లాయరు గారు అంటుంటే మా ఆయన వెనకనించి తలూపుతున్నాడు, ఈయనేదో నిఘంటువు నమిలినట్టు.

జడ్జిగారు ఇద్దర్నీ చేత్తో ఆపారు. “చూద్దాం అనా, చూద్దాంలే అనా?”

ఆ అక్షరం సంగతి ఆవిడకెలా తెలిసిందక్కా!

మా లాయరు గారు, “రెండూ ఒకటేనండి” అన్నారు. “ఒకటెలా అవుతాయి? మా అమ్మాయి ఏదన్నా అడిగితే నేను చూద్దాం అంటే ఇంట్లోనే తిరుగుతూ ఉంటుంది. చూద్దాంలే అంటే తలుపు ధడేల్మనిపించి పోతుంది” అన్నారావిడ. గదంతా నవ్వారు. నేను నవ్వలేదు. ఆవిడా నవ్వలేదు. “మీరు చెప్పండమ్మా.”

పిండి అన్నయ్య వైపు చూశా. ఆయన తన చేతులు చూసుకుంటున్నాడు. శుభ్రంగా కడుక్కొచ్చాడు గాని గోళ్ళ సందుల్లో తెలుపు ఉండనే ఉంది. గల్లా మీద పెట్టబోయి వెనక్కి తీసుకున్న చెయ్యి అదే. నా కొట్టు మరకవకూడదని తీసుకున్న చెయ్యి. దాన్ని చూస్తూ ఆ అక్షరం మింగుదామని చూశా. దిగలేదు.

“లే ఉందండి” అన్నా. “చూద్దాంలే అన్నాను. వద్దనే అన్నాను.”

మా లాయరు గారు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు, అవసరం లేకపోయినా. వెనక మా ఆయన దగ్గాడు. నాకు మాత్రం, డ్రయ్యరు తలుపు ఎలా మూయాలో కొనుక్కున్నవాళ్ళకి ఎవరు చెప్తారు అనే ఒక్క ఆలోచన.

అప్పుడు జడ్జిగారు ఆయన్ని లేవమన్నారు. “మళ్ళీ ఇంకోసారి అడిగారా?”

“లేదండి.”

“ఏం?”

“మా ఆవిడ కూడా ఆ మాటే అంటుందండి. దాని తర్వాత మళ్ళీ అడిగితే ఇక తిట్లేనండి.” మళ్ళీ నవ్వులు.

“సరే, ఆవిడ వద్దన్నారు. సంచితో దుమ్ము ఆగుతుందని మీకు తెలుసు. గొట్టం మీది, సంచి మీది. ఆవిడ ఒప్పుకోకపోయినా కట్టొచ్చుగా? కేసు నడిచిన ఇన్నేళ్ళూ ఎందుకు కట్టలేదు?”

ఆయన తన లాయర్ల వైపు చూశాడు. పెద్ద లాయరు తల అడ్డంగా ఊపాడు, చెప్పకు అన్నట్టు. ఈయన మాత్రం, “కట్టాననుకోండి, తప్పొప్పుకున్నట్టవుతుందన్నారండి. కుట్టించిన సంచి మర వెనకే ఉంది. ఎలకలు కొట్టకుండా డబ్బాలో పెట్టా” అన్నాడు.

అక్కా, డబ్బాలో! నేను గంజి బట్టలు మళ్ళీ మళ్ళీ ఉతుక్కుంటుంటే గోడకి అటుపక్క ఆ సంచి డబ్బాలో పడుకుని ఉంది. కోపం రావాలి కదా. రాలేదు. నేను ‘లే’ అనకుంటే అది ఆ సాయంత్రమే గొట్టానికి వేలాడేది.

జడ్జిగారు కాసేపు రాసుకుని చెప్పారు. చెప్పినట్టే రాస్తా, నాకు అర్థమైనంత. సరైన బేరం వస్తే నేను తిప్పి పంపాను, చివరికి అంతకన్నా పైసా ఎక్కువ దక్కలేదు, కాబట్టి గెలిచినా నా ఖర్చులు నాకు రావు. మందు చేతిలో పెట్టుకుని ఆయన రోగాన్ని సాగనిచ్చాడు, కాబట్టి ఆయన ఖర్చులు నా మీద వెయ్యడానికి లేదు. ఎవరి లాయర్లు వాళ్ళకి. ఇంత కేసుకి ఇద్దరు లాయర్లెందుకో ఆయనే తేల్చుకోవాలి. ఇంజనీరు కొలిచిన దుమ్ము లెక్క కోర్టుకి పనికొచ్చింది కాబట్టి ఆ ఫీజు మాత్రం చెరి సగం. ఆఖర్న నా వైపు చూసి, “నిజం చెప్పారని తగ్గించలేదమ్మా. నిజం చెబితేనే ఎవరేం చేశారో తెలుస్తుంది, అంతే” అన్నారు.

ఇంజనీరు సగం కూడా తక్కువేం కాదు. మా ఆయన స్కూటరు అమ్ముతానన్నాడు. కానీ సీలు లేదు, జప్తు లేదు, డ్రయ్యరు మాదే. కోర్టు మెట్ల మీదే కూచుని ఇంజనీరు సగం లెక్క వేసుకున్నా.

పిండి అన్నయ్య వచ్చి కాస్త దూరంలో నిలబడ్డాడు. “ఆ లే నాకూ గుర్తుంది చెల్లెమ్మా” అన్నాడు. “నువ్వు తీసేస్తావనుకున్నా.” మళ్ళీ ఆయనే, ఈసారి ఆకాశం కాదు, నన్నే చూస్తూ, “సంచి వారం వారం ఉతికించమన్నారు. కోర్టు ఆర్డరు. ఎక్కడ ఉతికించాలో ఏంటో” అన్నాడు.

అక్కా, నోటిదాకా వచ్చేసింది. అలవాటు అలవాటే. పళ్ళ మధ్య పట్టుకుని ఆపా. “తెచ్చెయ్యి అన్నయ్యా. గోడ మీద రేట్లున్నాయి. సంచికి రేటు లేదు, దుప్పటి రేటు వేస్తా” అన్నా.

“దుప్పటంత ఉండదు చెల్లెమ్మా, దిండుగలీబు రేటు వెయ్యి.”

“పిండి వదలాలంటే దిండుగలీబుకి కుదరదు.”

“అయితే మళ్ళీ కోర్టుకెళ్దామా?” అని నవ్వాడు. అంత గట్టిగా నవ్వడం ఆయన్నెప్పుడూ వినలేదు, మర చప్పుడులో ఎవరి నవ్వు ఎవరికి వినిపిస్తుంది.

ఇక నీ మాట.

పైగది సంగతి అడిగితే నీకు చూద్దాం అని రాశాను. నువ్వు ఆశపడి ఉంటావు, గది కడిగించి కూడా ఉంటావు. కానీ నువ్వు అక్కవి, ఆ మాట వెనక నేను టైపు చెయ్యని ‘లే’ ఒకటుందని నీకు తెలిసే ఉండాలి. తెలియకపోతే ఇప్పుడు చెప్తున్నా. పోయినసారి మేమక్కడున్నప్పుడు బావ తన చొక్కాలన్నీ నా మంచం మీద పడేసి, ఇంట్లోనే మనిషుండగా బయటికెందుకు అన్నాడు. నువ్వు నవ్వావు. నేనూ నవ్వాను. ఆ ‘మనిషి’ అన్నమాట అప్పట్నించీ గుచ్చుకునే ఉంది. నువ్వు మళ్ళీ రాశావు, గోడౌన్లో మనిషి కావాలని. అది నీ మాట కాదు, ఆ ఇంటి మాట అలా నీ చేతిలోకి వచ్చిందని నాకు తెలుసు.

కోర్టులో నిలబడ్డప్పటికన్నా ఇది కొడుతుంటేనే ఎక్కువ భయంగా ఉంది. అక్కడైతే జడ్జిగారు తీర్పు చెప్పేస్తారు, నువ్వైతే మాట్లాడ్డం మానేస్తావు. మానెయ్యకు.

రాను అక్కా. వెనక ‘లే’ లేదు, చూసుకో.

చూడ్డానికి మాత్రం వస్తా. నువ్వు పిలవక్కర్లేదు కూడా.

నీ పిచిక

గోడకి అటు మర మొదలుపెట్టాడు. పెరట్లోకి వెళ్ళి చూసొచ్చా. సంచి ఉబ్బింది.